కబురు ఒకటే, వినే చోటు వేరు

(స్మారకోపన్యాస పాఠం)



మా గురువుగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలవడం నాకు దక్కిన గౌరవం. ఆయన మాకు శరీరధర్మశాస్త్రం చెప్పారు. ఫలానా రసాయనం ఏం చేస్తుందని మేం అడిగితే, “ఎక్కడ?” అని ఎదురు ప్రశ్న వేసేవారు. గుండెలోనా, పేగులోనా, మెదడులోనా? మెదడులో అయితే ఏ మూల? చోటు చెప్పందే జవాబిచ్చేవారు కాదు. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న వెంట నడుస్తుంది.

కొంతకాలంగా డోపమైన్ అనే మాట మన ఇళ్లలోకి వచ్చేసింది. మిఠాయి తింటే డోపమైన్, ఫోను చూస్తే డోపమైన్ అంటున్నారు. డోపమైన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే ప్రశాంతత, ఆక్సిటోసిన్ అంటే ప్రేమ అని పిల్లలు సైతం ఒప్పజెబుతున్నారు. ఈ పట్టిక వినడానికి బాగుంటుంది గాని నిజం కాదు. నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనాల్లో, అంటే న్యూరోట్రాన్స్‌మిటర్లలో, దేనికీ తనదంటూ ఒక భావం లేదు. దాన్ని అందుకునే గ్రాహకం ఏది, ఆ గ్రాహకం ఏ కణం మీద ఉంది, కబురు ఏ వేళకు అందింది అన్న మూడు సంగతులు కలిస్తేనే దానికి ఫలితం ఏర్పడుతుంది. బడిలో గంట మోగితే పిల్లలు పుస్తకాలు సర్దుకుంటారు, గుడిలో మోగితే పెద్దలు చేతులు జోడిస్తారు; మోత ఒకటే, విన్నవారిని బట్టి పని మారుతుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్ల రోగులూ వాళ్ల ఇళ్లవాళ్లూ నష్టపోతున్నారు. అందుకే దీన్ని మీ ముందుకు తెచ్చాను.

1. గ్రాహకం అనే ఊహ

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణం కొసకూ తర్వాతి కణానికీ మధ్య చాలాచోట్ల చిన్న ఎడం ఉంటుంది. అది మిల్లీమీటరులో దాదాపు యాభై వేలవ వంతు. విద్యుత్ సంకేతం కొసదాకా వచ్చేసరికి అక్కడి సూక్ష్మమైన తిత్తులు కణం పొరతో కలిసి తెరుచుకుని వాటిలోని రసాయనం ఆ ఎడంలోకి వస్తుంది. అవతలి కణం పొర మీద ఉన్న ప్రోటీన్లు దాన్ని పట్టుకుంటాయి. అవే గ్రాహకాలు. కొన్ని గ్రాహకాలు తామే చిన్న ద్వారాలు; రసాయనం తగలగానే తెరుచుకుని సోడియమో క్లోరైడో లోపలికి పోనిస్తాయి. ఆ పని మిల్లీసెకన్లలో అయిపోతుంది. మరికొన్ని కణం లోపల ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు కబురు దాటించి, క్షణాల నుంచి నిమిషాల దాకా కణం తీరునే మారుస్తాయి. పని అయ్యాక ఆ రసాయనాన్ని ఎంజైము విరగ్గొట్టడమో, మొదటి కణమే తిరిగి లోపలికి తీసుకోవడమో జరుగుతుంది.

ఈ గ్రాహకాలను ఎవరూ కళ్లతో చూడకముందే ఊహించినవాడు కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ లాంగ్లీ. నరాన్ని కోసి అది పూర్తిగా నశించాక కూడా కండరం మీద నికోటిన్ వేస్తే అది బిగుసుకుంటోంది. క్యురారే అనే విషం వేస్తే ఆ బిగువు ఆగిపోతోంది. నరం లేదు కాబట్టి ఈ రెండు పదార్థాలూ కండరంలోని దేన్నో తాకుతూ ఉండాలి. కబురు అందుకునే పదార్థమొకటి కండరంలోనే ఉందని ఆయన 1905లో ప్రతిపాదించాడు.

నరం కొసలో రసాయనం విడుదలవుతుందని రుజువు చేసినవాడు ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో పనిచేసిన ఆటో లోవి. ఆయన 1921లో ప్రచురించిన ప్రయోగం రెండు కప్ప గుండెలతో చేసినది. మొదటి గుండెకు వేగస్ నరం ఉంది. దాన్ని ప్రేరేపిస్తే గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు తగిలిస్తే, ఏ నరమూ ముట్టని ఆ గుండె కూడా నెమ్మదించింది. నరం పంపిన కబురు ద్రవంలోనే ఉంది. అది ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో లోవీ, బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ డేలూ నోబెల్ బహుమతి పంచుకున్నారు.

2. పొలం గట్టు మీద అదే పాఠం

ఎసిటైల్‌కోలిన్ గుండెను నెమ్మదింపజేస్తుంది. అదే ఎసిటైల్‌కోలిన్ చేతి కండరాన్ని బిగిస్తుంది. ఒకే అణువు ఒకచోట కళ్లెం, మరోచోట కొరడా ఎలా అయింది? గుండె మీద ఉన్నవి మస్కరినిక్ గ్రాహకాలు, కండరం మీద ఉన్నవి నికోటినిక్ గ్రాహకాలు కనుక.

ఈ తేడా మన జిల్లా ఆసుపత్రుల్లో చావుబతుకుల సంగతి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి పురుగుల మందులు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును స్తంభింపజేస్తాయి. అప్పుడు ఎసిటైల్‌కోలిన్ శరీరమంతా పోగుపడుతుంది. మస్కరినిక్ గ్రాహకాలున్న చోట నోట చొంగ, కంట నీరు, ఒళ్లంతా చెమట, కంటిపాప సూదిమొనంతైపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. నికోటినిక్ గ్రాహకాలున్న చోట కండరాలు మొదట అదిరి, ఆపైన సడలిపోవడం. పత్తి చేలో మాస్కు లేకుండా మందు కొట్టి పడిపోయిన కూలీలోనూ, అప్పుల బాధ ఓర్వలేక ఆ మందే తాగిన రైతులోనూ వైద్యులు చూసేది ఇదే.

దీనికి విరుగుడు అట్రోపిన్. మన గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనూ ఈ కోవకు చెందిన పదార్థాలే ఉంటాయి. అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకాల్లో కూర్చుని ఎసిటైల్‌కోలిన్‌ను అక్కడికి రానివ్వదు. చొంగ ఆగుతుంది, ఊపిరితిత్తులు పొడిబారతాయి. అయితే నికోటినిక్ గ్రాహకాలను అది ముట్టదు. అందుకే పైకి తేరుకున్నట్టు కనిపించిన మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు మెడ నిలవక, ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి వెంటిలేటర్ అవసరం కావచ్చు. “నిన్న బాగానే మాట్లాడాడు కదా, ఇంటికి తీసుకుపోతాం” అనే కుటుంబాన్ని ఆపగలిగేది ఈ గ్రాహకాల పరిజ్ఞానమే. ఇక్కడున్న విద్యార్థుల్లో చాలామంది రేపు ఏరియా ఆసుపత్రుల్లో డ్యూటీ చేస్తారు. ఈ ఒక్క సంగతి మరిచిపోవద్దు.

3. సర్పగంధి నుంచి డోపమైన్ దాకా

ఇక మెదడులోకి వెళదాం. డోపమైన్ కథలో మన దేశానికి గొప్ప పాలుంది.

సర్పగంధి వేరును మతి చలించినవారికీ నిద్రపట్టనివారికీ ఇవ్వడం మన వైద్యంలో పాత పద్ధతి. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ బోస్ రక్తపోటులోనూ ఉన్మాదంలోనూ అది చూపే గుణాన్ని ఆధునిక వైద్యపత్రికలో నమోదు చేశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అధిక రక్తపోటు మీద దాని ప్రభావాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం దానివైపు చూసింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రవేత్తలు దాని నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు.

రిసర్పిన్ ఏం చేస్తుంది? నరాల కొసల్లోని తిత్తుల్లోకి డోపమైన్, నారడ్రినలిన్, సెరటోనిన్ చేరకుండా అడ్డుకుంటుంది. తిత్తులు ఖాళీ అవుతాయి. స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చి చూశాడు. అవి చెవులు వాల్చేసి, కదలకుండా పడివున్నాయి. మెదడులో డోపమైన్‌గా మారే డోపా అనే పదార్థాన్ని ఎక్కించగానే కాసేపట్లోనే లేచి తిరిగాయి. సెరటోనిన్‌గా మారే పదార్థం ఎక్కిస్తే లేవలేదు. అప్పటిదాకా డోపమైన్‌ను నారడ్రినలిన్ తయారీలో ఒక మధ్యంతర మెట్టుగానే చూసేవారు. అది తనంతట తానే మెదడులో కబురు మోసే రసాయనమని కార్ల్‌సన్ వాదించాడు. 1960లో లండన్‌లో జరిగిన సదస్సులో హెన్రీ డేల్ వంటి ఉద్దండులే దాన్ని నమ్మలేదు. నలభై ఏళ్ల తర్వాత, 2000లో, ఆ పనికే కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

వియన్నాలో ఓలె హార్నికీవిచ్ ఈ సూచనను అందుకున్నాడు. పార్కిన్సన్ వ్యాధితో చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి, స్ట్రయేటం అనే భాగంలో డోపమైన్ దారుణంగా తగ్గిపోయిందని 1960లో హెర్బర్ట్ ఎరింగర్‌తో కలిసి చూపించాడు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు వాతంగా వర్ణించిన జబ్బుకు అప్పుడు మొదటిసారి ఒక రసాయనిక కారణం దొరికింది. మరుసటి ఏడు వాల్టర్ బిర్క్‌మాయర్ రోగులకు ఆ డోపాలోనే ఒక రూపమైన లెవోడోపా ఎక్కిస్తే, పక్క మీంచి లేవలేనివారు లేచి నడిచారు. 1967లో అమెరికాలో జార్జి కొట్సియాస్ చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ నోటి ద్వారా ఇచ్చే పద్ధతి కనిపెట్టాక అది అందరికీ అందే మందయింది.

ఈ లెవోడోపా మనకు కొత్త కాదు. మన పొదల్లో అల్లుకునే దూలగొండి గింజల్లో అది పుష్కలంగా ఉంది. మద్రాసు చేపాకులోని విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి దాన్ని 1937లోనే వేరుచేసి చూపారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆ పదార్థం మెదడులో ఎక్కడ పనిచేస్తుందో తెలియడానికి మాత్రం మరో ఇరవై ఏళ్లు పట్టింది.

అందుకని ఇంట్లో దూలగొండి పొడి చేసుకుని తినమని నేను చెప్పడం లేదు. డాక్టరు రాసే మాత్రలో లెవోడోపాతోపాటు కార్బిడోపా ఉంటుంది. అది లెవోడోపా మెదడు చేరకముందే దారిలో డోపమైన్‌గా మారిపోకుండా కాపాడుతుంది. లేకపోతే ఆ డోపమైన్ వాంతి కలిగించే గ్రాహకాలను తాకుతుంది. పొడిలో ఆ రక్ష లేదు, మోతాదుకు హామీ లేదు. అలాగే పప్పు, గుడ్డు, పెరుగులోని ప్రోటీన్ల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలూ లెవోడోపా కూడా మెదడులోకి ఒకే దారిన వెళ్లాలి. కడుపునిండా భోంచేసి మాత్ర వేసుకుంటే పనిచేయలేదనిపించడానికి అదొక కారణం. వేళ కూడా చోటంత ముఖ్యం.

4. ఒకే డోపమైన్, ఎన్నో పనులు

డోపమైన్‌కు ఐదు రకాల గ్రాహకాలున్నాయి. డి1, డి5 ఒక కుటుంబం. డి2, డి3, డి4 మరో కుటుంబం. మొదటి కుటుంబం కణంలో ఒక కబురు అణువును హెచ్చిస్తే, రెండోది తగ్గిస్తుంది. డోపమైన్ ఒకటే వచ్చి తగిలినా పక్కపక్క కణాలు ఎదురెదురు పనులు చేస్తాయన్నమాట.

స్ట్రయేటంలో అది కదలికకు దారి ఇస్తుంది. మెదడు ముందుభాగంలో ధ్యాసకూ ఆలోచన నిలకడకూ తోడ్పడుతుంది. పిట్యూటరీ గ్రంథి దగ్గర పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్‌ను అదుపులో ఉంచుతుంది. మెదడు కాండంలో వాంతి పుట్టిస్తుంది. వీటిలో ఎక్కడుంది ఆనందం?

ఆనందం సంగతి కూడా జాగ్రత్తగా చూడాలి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్ నరాలను దాదాపు పూర్తిగా నాశనం చేసి చూసింది. ఆ ఎలుకలు తిండి కోసం కదలవు. నోట్లో తీపి పోస్తే మాత్రం ఇష్టంగా పెదవులు నాకుతాయి. రుచి తెలుస్తోంది, దాన్ని వెతుక్కుని వెళ్లే తహతహ పోయింది. స్విట్జర్లాండులో వోల్ఫ్‌రం షుల్ట్‌జ్ కోతుల మెదడులో డోపమైన్ కణాల మోతను విన్నాడు. అనుకోకుండా పళ్లరసం దొరికితే అవి గట్టిగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక దీపానికే స్పందించాయి, రసానికి కాదు. దీపం వెలిగి రసం రాకపోతే వాటి మోత మామూలు కన్నా పడిపోయింది. అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడాను ఆ కణాలు చెబుతున్నాయి. ఆ తేడాల నుంచే మనం నేర్చుకుంటాం, ఆశపడతాం, అలవాటు పడతాం.

ఇప్పుడు మనిషి ప్రవర్తన దగ్గరకు వస్తాను. ఇది మందులు చెప్పిన పాఠం. 1952లో పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో దెలే, దెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్‌తో తీవ్రమైన మతిభ్రమణ లక్షణాలు తగ్గుతున్నాయని చూశారు. ఇలాంటి మందుల్లో ఏది డి2 గ్రాహకానికి ఎంత గట్టిగా అంటుకుంటే దానికి అంత తక్కువ మోతాదు చాలునని 1970ల నడుమ టొరంటోలో ఫిలిప్ సీమన్, బాల్టిమోర్‌లో సాలమన్ స్నైడర్ వేరువేరుగా తేల్చారు. తర్వాత స్కానింగ్ పద్ధతులు వచ్చి లెక్క స్పష్టం చేశాయి. స్ట్రయేటంలోని డి2 గ్రాహకాల్లో సుమారు 65 శాతాన్ని మందు కప్పితే చెవిలో గొంతులు, లేనిపోని అనుమానాలు నెమ్మదించడం మొదలవుతుంది. 80 శాతం దాటితే ఒళ్లు బిగుసుకోవడం, వణుకు వచ్చే ముప్పు పెరుగుతుంది. చికిత్సకూ బాధకూ మధ్య అంత సన్నని బాట. “ఆ మందు మనిషిని మొద్దుగా చేస్తుంది” అని కుటుంబం మాత్రలు ఆపేయడం కన్నా, డాక్టరును అడిగి మోతాదు సరిచేసుకోవడం మేలని ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

దీనికి ఎదురు దిశలో మరో ఉదాహరణ ఉంది. పార్కిన్సన్ రోగులకు ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే మందులు డోపమైన్ గ్రాహకాలను నేరుగా ప్రేరేపిస్తాయి. వీటికి డి3 మీద మక్కువ ఎక్కువ. ఆ గ్రాహకాలు కోరికలతో ముడిపడిన మెదడు భాగాల్లో దండిగా ఉన్నాయి. చేయి వణుకు తగ్గుతుంది, నడక మెరుగవుతుంది. కొందరిలో మాత్రం జూదం, అదుపులేని ఖర్చు, అతిగా తినడం, లైంగిక వాంఛ పెచ్చుమీరడం కనిపిస్తాయి. అమెరికా, కెనడాల్లో 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ తరహా మందులు వాడేవారిలో 17.1 శాతానికి, వాడనివారిలో 6.9 శాతానికి ఇలాంటి సమస్య కనిపించింది. ముప్పై ఏళ్లు రూపాయి రూపాయి కూడబెట్టిన మనిషి అరవై దాటాక ఫోనులో రమ్మీ ఆడి పొలం తాకట్టు పెడితే ఊరు ఏమంటుంది? “ముసలితనంలో బుద్ధి చెడింది” అంటుంది. మోతాదు తగ్గించి, మందు మారిస్తే చాలామందిలో ఆ యావ తగ్గిపోతుంది. ఆ మనిషి శీలాన్ని నిందించే ముందు ఆయన వేసుకునే మాత్రల చీటీ చూడాలి.

5. నేను కోరేది

ఇంతకీ మనిషి అంటే రసాయనాల మూటేనా అని మీరడగవచ్చు. కాదు. గ్రాహకాల సంఖ్య, వాటి సున్నితత్వం మన అనుభవాన్ని బట్టీ మారుతుంటాయి. డోపమైన్ తగ్గే కొద్దీ దాన్ని అందుకునే కణాలు తమ గ్రాహకాలను పెంచుకుని ఏళ్లతరబడి లోటు పైకి కనిపించకుండా సర్దుకుంటాయి. పార్కిన్సన్ వ్యాధి బయటపడే నాటికి డోపమైన్ కణాల్లో సగందాకా నశించివుండటం అందుకే. మెదడు కబురు అందుకోవడమే కాదు, వినే తీరునూ మార్చుకుంటుంది. చదువు, నిద్ర, స్నేహం, దుఃఖం అన్నీ ఆ తీరును దిద్దుతూనే ఉంటాయి.

వైద్య విద్యార్థులకు నా మొదటి మాట. వాంతికి మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరిగితే సినరిజిన్, తలనొప్పికి ఫ్లునరిజిన్ రాసేటప్పుడు అవి మెదడులోని డి2 గ్రాహకాలనూ మూసేస్తాయని గుర్తుంచుకోండి. నెలల తరబడి వాడిన పెద్దవాళ్లకు వణుకు, బిగువు వచ్చి, దానికి మళ్లీ పార్కిన్సన్ మందు మొదలుపెట్టడం జరుగుతుంటుంది. చాలాసార్లు పాత మాత్ర ఆపడమే వైద్యం.

కుటుంబాలకు నా రెండో మాట. చెవిలో గొంతులు వినిపిస్తున్నాయనే కొడుకునూ, ముఖంలో భావం పోయి మాట సన్నగిల్లిన తాతనూ, మందు వేసుకున్నాక కొత్తగా దుబారా మొదలెట్టిన అత్తనూ మొండివాళ్లని, పొగరుబోతులని తిట్టకండి. గుడికి వెళ్లండి, దర్గాకు వెళ్లండి. ఆసుపత్రికి మాత్రం తప్పక వెళ్లండి. డాక్టరు రాసిన మందులు ఒక్కసారిగా ఆపకండి. ప్రవర్తనలో వచ్చిన మార్పును సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. అది ఫిర్యాదు కాదు, చికిత్సకు కావలసిన సమాచారం.

పత్రికల్లో, వీడియోల్లో సైన్సు చెప్పేవారికి నా మూడో మాట. ఒక రసాయనానికి ఒక భావం అన్న పట్టిక మానేయండి. తెలుగులో రాయండి, విరివిగా రాయండి, కానీ చోటు చెప్పి రాయండి. దిగులుతో మంచం పట్టిన మనిషికి “నీకు సెరటోనిన్ తగ్గింది, అంతే” అని చెప్పడం జాలిలా కనిపించినా, అతని కష్టంలోని సగాన్ని చెరిపేస్తుంది. “నీ మనసు బలహీనం” అనడం మిగతా సగాన్ని చెరిపేస్తుంది. రెండూ అతని మీద అన్యాయమే.

గురువుగారు ఎన్నో తరాల వైద్యులను తయారుచేశారు. ఆయనకు మనం ఇవ్వగల గౌరవం పటానికి దండ వేయడంతో ముగియకూడదు. ఒక మనిషి ప్రవర్తన మారినప్పుడు తీర్పు చెప్పే ముందు ఎక్కడ, ఎందువల్ల, ఎప్పటినుంచి అని ఓపికగా అడిగే అలవాటు ఈ కళాశాల నుంచి బయటికెళ్లే ప్రతి వైద్యుడికీ, వైద్యురాలికీ ఉండాలి. ఆ ప్రశ్నలు అడగడానికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు, పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రోగి పక్కన కూర్చుని వినడానికి పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ఆ పది నిమిషాలు ఇవ్వమని మిమ్మల్ని కోరుతున్నాను.